ప్రైవేటు స్కూలు మాన్పించి సర్కారు బడిలో వేశాం: మా ఏడాది అనుభవం

2024 జూన్‌లో హైదరాబాద్‌లో మా పాపను ఎనిమిదో తరగతికి ప్రభుత్వ హైస్కూల్లో, బాబును నాలుగో తరగతికి ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో చేర్పించాం. అంతకు ముందు ఇద్దరూ అంబర్‌పేట వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చదివేవాళ్ళు. "ఎట్లుంది, బాగుందా?" అని అడిగేవాళ్ళకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోతున్నాను. పాప బడి మాకు తృప్తిగా ఉంది, బాబు బడి లేదు. రెండూ సర్కారు బడులే, మధ్య కిలోమీటరు దూరం కూడా లేదు. చేర్పించాలని ఆలోచిస్తున్నవాళ్ళకు పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మే నెలలో బడులకు సెలవులు. గేటుకు తాళం ఉంటుంది, హెచ్‌ఎం దొరకరు. అప్పుడు చేయగలిగింది ఒకటే. బడుల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో 'నో యువర్ స్కూల్' అని ఉంటుంది. బడి పేరు గానీ 11 అంకెల యూడైస్ కోడ్ గానీ కొడితే రిపోర్ట్ కార్డ్ వస్తుంది. పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, గదులెన్ని, టాయిలెట్లెన్ని, అన్నీ ఉంటాయి. కాకపోతే అవి పాత ఏడాది లెక్కలు. టీచర్ల బదిలీలయ్యాక ఆ అంకె మీద ఆశ పెట్టుకోకూడదు. బడిబాట అని జూన్ మొదట్లో పిల్లల్ని చేర్పించమని టీచర్లే బస్తీల్లోకి వస్తారు కదా, అప్పుడు అడగాల్సిన ప్రశ్న: "శాంక్షన్ పోస్టులెన్ని, వర్కింగ్ ఎంతమంది, ఏ సబ్జెక్టు ఖాళీ?" ఇట్లా అడిగితే టీచర్లు దాచకుండా చెప్తారు. "స్కూలు బాగుంటుందా మేడమ్?" అని అడిగితే మాత్రం బాగుంటుందనే అంటారు, ఇంకేమంటారు పాపం.

హైదరాబాద్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఒకే ఆవరణలో రెండు మూడు బడులు నడుస్తుంటాయి. తెలుగు మీడియంగా మొదలైనది ఒకటి, ఉర్దూ మీడియంది ఒకటి, స్థలం లేక వేరే చోటు నుంచి ఇక్కడికి మార్చి పెట్టింది ఇంకొకటి. గేటు ఒకటే, హెచ్‌ఎంలు వేరు, యూడైస్ కోడ్‌లు వేరు. ఏ బడిలో చేర్పిస్తున్నామో బోర్డు చూసి కాదు, కోడ్ చూసి ఖాయం చేసుకోవాలి.

ఇక టీసీ. అసలు నొప్పి ఇక్కడే. బడులు జూన్ 12న తెరిచారు. ప్రైవేటు స్కూల్లో టీసీ అడిగితే, "మార్చిలోనే చెప్పలేదు కాబట్టి మొదటి టర్మ్ ఫీజు కట్టాలి" అన్నారు. అడిగింది 18 వేలు, ఇద్దరికీ కలిపి. పాత బాకీ ఒక్క రూపాయి లేదు. విద్యాహక్కు చట్టం (2009) ఐదో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికి మారాలనుకునే పిల్లలకు హెడ్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న వంకతో కొత్త బడివాళ్ళు అడ్మిషన్ ఆపడానికి కూడా వీల్లేదు. ఇది నోటితో చెబితే ఎవరూ వినలేదు. రెండు వాక్యాల అర్జీ రాసి, పైన సెక్షన్ నంబరు వేసి, ఒక కాపీ మీద స్కూలు స్టాంపు కొట్టించుకుంటానని అడిగాను. స్టాంపు కొట్టరు, సరే. అదే అర్జీ కాపీ డిప్యూటీ ఐఓఎస్ ఆఫీసులో ఇన్‌వార్డ్ చేయించాను (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్ అన్నమాట; జిల్లాల్లో మండల విద్యాధికారి, ఎంఈఓ, చూసే పని మన హైదరాబాద్‌లో ఈయన చూస్తారు). ఇన్‌వార్డ్ నంబరు ఫొటో స్కూలువాళ్ళకు వాట్సాప్‌లో పెట్టాక ఫోన్ వాళ్ళే చేశారు. జూన్ 20 తర్వాత టీసీలు చేతికొచ్చాయి. ఫీజు కట్టలేదు. బాబుకు ఇచ్చింది టీసీ కాదు, రికార్డ్ షీట్. ప్రైమరీ పిల్లలకు అదే ఇస్తారు, కంగారుపడక్కర్లేదు.

ఈలోపు పిల్లలు ఇంట్లో కూర్చోలేదు. కొత్త హెచ్‌ఎం మేడమ్ "కాగితం తర్వాత తెండి, పిల్లను రేపట్నుంచి పంపండి" అన్నారు. ఎంట్రెన్స్ పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, రూపాయి కట్టింది లేదు. మాకు తెలిసిన ఒకరి విషయంలో టీసీ వచ్చేదాకా రావద్దన్నారట. అట్లా అంటే ఆ ఐదో సెక్షన్‌నే చూపించాలి.

కాగితం టీసీ వచ్చాక పని అయిపోయిందనుకుంటారు. అవ్వదు. ఆన్‌లైన్‌లో ఇంకో బదిలీ ఉంది. ప్రతి పిల్లకూ పెన్ అని ఒక శాశ్వత నంబరు ఉంటుంది. పాత స్కూలు యూడైస్‌లో పిల్ల పేరును వదిలితే అది డ్రాప్ బాక్స్‌లోకి వెళ్తుంది. కొత్త బడి పెన్, పుట్టిన తేదీ కొట్టి అక్కణ్ణుంచి లాక్కుంటుంది. పాత స్కూలు వదలకపోతే పిల్ల ఇక్కడ రోజూ క్లాసులో కూర్చుంటున్నా, రికార్డులో అక్కడే చదువుతున్నట్టు. మా పాప పేరు ఆగస్టు రెండో వారం దాకా కదల్లేదు. అన్నాళ్ళూ ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసే యాప్‌లో పేరు రాలేదు, రెండో జత యూనిఫారం లెక్కలోకి ఎక్కలేదు. అన్నం మాత్రం మొదటి రోజు నుంచే పెట్టారు. టీసీ తీసుకునే రోజునే, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పక్కన నిలబడి, "డ్రాప్ బాక్స్‌లో వేశారా, స్క్రీన్ చూపించండి" అని అడగాలి. టీసీ మీద పెన్ నంబరు రాయించుకోవాలి.

అదే రోజు ఇంకోటి కూడా తీసుకోవాలి: అక్కడ చదివిన ప్రతి తరగతికీ బోనఫైడ్, అంటే చదివినట్టు సర్టిఫికెట్. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో లోకల్ ఎవరో తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివిన చోటును బట్టే. ఇప్పుడు ఎందుకులే అనుకుంటే, పదేళ్ళ తర్వాత ఆ ప్రైవేటు స్కూలు ఉంటుందో లేదో. మన గల్లీల్లో స్కూళ్ళు ఎట్లా మూతపడతాయో చూస్తున్నాం కదా.

ఆధార్‌లో చిన్న తేడా ఉన్నా బయటపడేది ఇప్పుడే. పాప ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాత స్కూలు రికార్డులో ఒక్క అక్షరమే. పైగా ఐదేళ్ళప్పుడు చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ పెండింగ్. అప్పట్లో ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య అయితే ఉచితం, ఆ వయసు దాటింది కాబట్టి 100 రూపాయలు తీసుకున్నారు. డిసెంబరులో అపార్ నంబర్ల (ఆధార్‌తో కలిపి ఇచ్చే విద్యార్థి ఐడీ) కోసం బడిలో సంతకాలు తీసుకున్నప్పుడు, పేరు కలవని పిల్లలవన్నీ వెనక్కొచ్చాయి. ఏ పేరు ఉంచుకోవాలో ముందే నిర్ణయించుకుని పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, టీసీ మూడింట్లోనూ ఒకేలా చేయించడం మేలు. పదో తరగతి మెమో మీదకు ఎక్కేది ఆ పేరే.

పుస్తకాలు మొదటి వారంలోనే ఇచ్చారు, ఒక్క తెలుగు తప్ప. ఆ ఏడాది తెలుగు పుస్తకం ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరే అచ్చయిందని వెనక్కి తీసుకుని, ఆ పేజీ కనపడకుండా అంటించి మళ్ళీ ఇచ్చారు. పాప ఆ అంటించిన పేజీని గోరుతో లేపి చూడటమే వారం రోజుల కాలక్షేపం. మిగతా పుస్తకాలు రెండు భాషల్లో ఉంటాయి. ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. పుస్తకం లావుగా ఉంటుంది కాబట్టి పార్ట్ 1, పార్ట్ 2 అని విడగొట్టారు. ఈ పద్ధతి మాకు దొరికిన పెద్ద లాభం. ప్రైవేటు స్కూల్లో పాప సైన్స్ ఇంగ్లిష్‌లో బట్టీ పట్టి అప్పజెప్పేది, అర్థమేంటంటే తెల్లమొహం వేసేది. ఇక్కడ మా అత్తమ్మ కూడా తెలుగు పేజీ చదివి "ఆకుకు ఆకుపచ్చ రంగు దేనివల్ల వస్తది?" అని అడిగి కూర్చోబెట్టగలుగుతోంది.

యూనిఫారం ఒక జత జూన్‌లోనే వచ్చింది. మహిళా సంఘాలవాళ్ళు కుడుతున్నారు, జతకు 75 రూపాయలు కుట్టుకూలి. కొలతలు తరగతిని బట్టి కుట్టినట్టుంటాయి, పిల్లను బట్టి కాదు. నడుము దగ్గర, భుజాల దగ్గర టైలరుతో తగ్గించుకోవడానికి 60 రూపాయలైంది. బూట్లు, బ్యాగు మేమే కొనుక్కున్నాం.

టాయిలెట్ల గురించి ఎవరూ రాయరు, ఆడపిల్ల ఉన్నవాళ్ళు మొదట చూడాల్సింది అదే. బడి తెరిచే ముందు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (బడి పనులు చూసే తల్లుల కమిటీ) కింద రిపేర్లు చేశారు, గోడలకు కొత్త రంగు. ఆడపిల్లలకు నాలుగు గదులు. రెండింటికి లోపలి గడియ లేదు. కుళాయిలున్నాయి గానీ పైన ట్యాంకులో నీళ్ళు పదకొండుకే అయిపోయేవి, ఆ తర్వాత బయట నీలం డ్రమ్ములోంచి మగ్గుతో మోసుకెళ్ళాలి. దాంతో పాప మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగడం మానేసింది. సాయంత్రం తలనొప్పి అనేది, కారణం తెలియడానికి నెల పట్టింది. మీటింగులో ఇద్దరు ముగ్గురు తల్లులం కలిసి అడిగాం. గడియలు మరుసటి వారమే పెట్టించారు, 200 రూపాయల పని. నీళ్ళది మాత్రం మోటారు టైమింగ్ మార్చాకే సర్దుకుంది, పొద్దున ఒక్కసారి కాకుండా ఇంటర్‌వెల్ తర్వాత ఇంకోసారి వేయడం మొదలుపెట్టారు. ఆగస్టు నుంచి శుభ్రం చేయించే ఖర్చుకు ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టి కమిటీకి డబ్బులిస్తోంది. 251 నుంచి 500 మంది ఉన్న బడికి నెలకు 12 వేలు. ఆ డబ్బు వచ్చిందా, ఎవరిని పెట్టారు అని తల్లిదండ్రులు అడగొచ్చు. అడిగినచోటే పని కనిపిస్తోంది.

భోజనం మా బడికి బయటి వంటశాల నుంచి వ్యాన్‌లో వస్తుంది. అన్నం బాగానే ఉంటుంది. సాంబారు పల్చన, మూత తీసేసరికి గోరువెచ్చగా ఉంటుంది. గుడ్డు వారానికి మూడుసార్లు. పాప ఇంటి నుంచి కూర ఒక్కటే చిన్న డబ్బాలో తీసుకెళ్తుంది, సగంమంది పిల్లలు అదే చేస్తారు. టీచర్లు దానికేమీ అనరు. బాబు అసలు డబ్బానే వద్దంటాడు, వాడికి బడి అన్నమే ఇష్టం.

రాకపోకలకు వ్యాన్ ఖర్చు పోయింది. బాబు నడిచే వెళ్తాడు. పాప ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే మహాలక్ష్మి జీరో టికెట్ మీద వెళ్తుంది. కండక్టర్లు ఒరిజినల్ ఆధార్ అడుగుతారు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. 8:45కు ప్రేయర్ కాబట్టి ఎనిమిదికే స్టాపులో ఉండాలి. ఆ టైముకు బస్సు కిటకిట.

చదువు సంగతికి వస్తే, పాప బడిలో సబ్జెక్టుకో టీచరు ఉన్నారు, అందరూ బీఈడీ చేసి డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళే. ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి దాకా మ్యాథ్స్ చెప్పింది డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి. ఆ తేడా ఒక్క నెలలో తెలిసింది. ఫిజిక్స్ సార్ గాజు గ్లాసులో నీళ్ళు పోసి పెన్సిల్ పెట్టి వంగినట్టు ఎందుకు కనపడుతుందో చూపిస్తే, ఇంటికొచ్చి మా అందరికీ చేసి చూపించింది. నోట్సు నింపించడం తక్కువ, అడగడం ఎక్కువ. హోంవర్కు కూడా తక్కువే. ఇదొక్కటి కొందరు తల్లిదండ్రులకు నచ్చదు, నోటుబుక్కు నిండకపోతే చదువు చెప్పలేదనుకుంటారు.

కానీ జూన్, జూలైలో టీచర్ల బదిలీలు, పదోన్నతులు జరిగాయి. ఏళ్ళ తరబడి ఆగినవన్నీ ఒకేసారి. మా బడిలో మ్యాథ్స్ మేడమ్ జూలైలో వెళ్ళిపోయారు, ఆమె చోటులోకి ఎవరూ రాలేదు. ఫిజిక్స్ సార్ వారానికి మూడు పీరియడ్లు మ్యాథ్స్ చూశారు, పదో తరగతికి ముందు, మిగతావాళ్ళకు తర్వాత. ఎనిమిదో తరగతికి ఆగస్టు, సెప్టెంబరు దాదాపు ఖాళీ. నెలకు 800 పెట్టి ట్యూషన్‌కు పంపాం. కొత్త డీఎస్సీవాళ్ళకు నియామక పత్రాలు అక్టోబరు 9న ఇచ్చారు, దసరా సెలవులయ్యాక బడికి కొత్త సార్ వచ్చారు. వచ్చిన వారంలోనే ఎస్ఏ-1 (అర్ధ సంవత్సర) పరీక్షలు. మ్యాథ్స్‌లో క్లాసు మొత్తానికీ మార్కులు పడిపోయాయి. ఆ సార్ మిగిలిపోయిన పాఠాల కోసం పొద్దున్నే అరగంట ముందు క్లాసు పెట్టి జనవరికల్లా సిలబస్ అందుకున్నారు. ఏప్రిల్‌లో ఏడాది చివరి ఎస్ఏ-2లో పాప మ్యాథ్స్ మార్కులు ప్రైవేటులో వచ్చినన్ని రాలేదు. కానీ ఇక్కడివి తనకు తానే రాసినవి. పరీక్షకు ముందు రోజు ప్రశ్నలు ఇచ్చి బట్టీ పట్టించడం ఇక్కడ లేదు.

బాబు బడి వేరే కథ. ఒకటి నుంచి ఐదు దాకా 62 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. చట్టం ప్రకారం 60 దాటితే ముగ్గురుండాలి. అందులో ఒకరు హెచ్‌ఎం బాధ్యత చూస్తారు, అంటే సగం రోజు ఆన్‌లైన్ ఎంట్రీలు, మీటింగులు. నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో. టీచర్లు మంచివాళ్ళు, అందులో అనుమానం లేదు. తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఎవరికి చదవడం వచ్చు, ఎవరికి రాదు అని విడదీసి, రాని పిల్లలకు చెప్పడం మీదే వాళ్ళ ధ్యాస. అది న్యాయమే. పనికోసం ఊళ్ళ నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, మూడో తరగతికి వచ్చినా అక్షరాలు రానివాళ్ళు, సగం మంది. అయితే చదవడం వచ్చిన మా బాబుకు పని లేదు. పలక మీద బొమ్మలేసుకుని కూర్చునేవాడు. నవంబరు 6 నుంచి ఇంటింటి కులగణన సర్వే మొదలైంది, ఆ పని ప్రైమరీ టీచర్ల మీద పడింది, నెలాఖరు దాకా మధ్యాహ్నం ఒంటిగంటకే బడి వదిలేశారు. హైస్కూలుకు ఆ ఇబ్బంది రాలేదు.

నెలలో మూడో శనివారం పేరెంట్స్ మీటింగు పెట్టేవారు. బాబు బడిలో వచ్చేది పదిమంది లోపే, మిగతావాళ్ళకు ఆ రోజు కూలి పోతుంది. నేను మూడో టీచరు గురించి అడిగితే, "డెప్యుటేషన్ మీద ఇవ్వమని రాశాం అమ్మా, మీరూ ఒక అర్జీ పెట్టండి" అన్నారు. పెట్టాం. జనవరిలో ఒక టీచరును పంపారు, మార్చి ఒంటిపూట బడుల ముందు వెనక్కి పిలిచారు.

ప్రైవేటులో ఉంటే తెలియని విషయం ఒకటి పాప బడిలో తెలిసింది, ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకే ఆ పరీక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండాలి, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12 వేలు. 180 ప్రశ్నలు, సగం రీజనింగ్, సగం సబ్జెక్టులు. దరఖాస్తు బడి ద్వారానే వెళ్ళాలి. ఆదాయ సర్టిఫికెట్ మీసేవలో పెట్టాక తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి ఆగస్టులోనే పెట్టేయాలి. పాపకు రాలేదు. రీజనింగ్ బాగానే చేసింది, ట్రైనింగు లేని మ్యాథ్స్ దగ్గర పోయింది. ఆ రెండు నెలల ఖాళీ ధర అదీ.

డబ్బు లెక్క చెప్తాను. అంతకు ముందు ఏడాది ఇద్దరికీ ఫీజు 81 వేలు, పుస్తకాలు, డ్రెస్సులు 14 వేలు, వ్యాన్ నెలకు 1,500. ఈ ఏడాది బూట్లు, బ్యాగులు, నోటుబుక్కులు, ట్యూషన్, ఆధార్, జిరాక్సులు అన్నీ కలిపి 15 వేలు దాటలేదు. మిగిలిన డబ్బులో కొంత బాబుకు సాయంత్రం ఇంగ్లిష్ చదివించడానికి పెట్టాం. సర్కారు ప్రైమరీలో వేసేవాళ్ళు ఈ ఖర్చు ముందే అనుకోవాలి. ఇంకో ఖర్చు డబ్బుది కాదు: చుట్టాల మాటలు. "అంత కష్టమొచ్చిందా?" అని పెళ్ళిలో అడిగారు. మొదట్లో గుచ్చుకునేది, దసరా తర్వాత పట్టించుకోవడం మానేశాం.

2025 ఏప్రిల్ 23న ప్రోగ్రెస్ కార్డులిచ్చారు. పాప తొమ్మిదికి అక్కడే. బాబును మాత్రం మార్చాం, ప్రైవేటుకు కాదు, బస్సులో రెండు స్టాపుల అవతల ఇంకో ప్రభుత్వ ప్రైమరీకి. అక్కడ నలుగురు టీచర్లు, ఐదో తరగతికి వేరే గది. ఈసారి రికార్డ్ షీట్‌కు అర్జీ గానీ బేరం గానీ లేదు. పాత హెచ్‌ఎం మేడమ్ నా ముందే ల్యాప్‌టాప్ తెరిచి పేరును డ్రాప్ బాక్స్‌లో వేశారు, సాయంత్రానికి కొత్త బడివాళ్ళు తీసుకున్నారు. జూన్ 12న బడి తెరిచేసరికి హాజరు పట్టీలో వాడి పేరుంది.